చిలకలు ఎవరివి?

గుడియాత్తంలో మా ఇల్లు అమ్మిన నెలలోనే నేను ఈ చిత్రం చూడడం తటస్థించింది. కనుక నా అభిప్రాయంలో ఆ ఇంటి వాసన కొంత ఉంటుంది. అక్కర్లేనివారు అది తీసేసి చదువుకోవచ్చు. సినిమాల మీద రాయడానికి నాకు వేరే అర్హత ఏమీ లేదు. చదివింది బి.కాం., చేస్తున్నది బ్యాంకు ఉద్యోగం. లెక్క ఎక్కడ కలిసిందో, ఎక్కడ కలవలేదో చూడడం ఒక్కటే నాకు చాతనైన పని. ఒక సినిమాను కూడా అలాగే చూడవచ్చునని ఈమధ్యనే తెలిసింది.

చిత్రం పేరు ‘ది వైల్డ్ ప్యారట్స్ ఆఫ్ టెలిగ్రాఫ్ హిల్’. టెలిగ్రాఫ్ హిల్ అనేది అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం నడుమ ఉన్న ఒక గుట్ట. 2003లో పూర్తయి, 2005లో అక్కడి థియేటర్లలో ఆడిన డాక్యుమెంటరీ ఇది. జూడీ ఇర్వింగ్ అనే ఆమె తీసింది. నిడివి గంటన్నర లోపే. మా అమ్మాయి కంప్యూటర్లో పెట్టి, “నాన్నా, ఇది మన అవ్వ కథలాగుంది, చూడు” అంది. అవ్వ అంటే దానికి మా అమ్మ. ఎందుకలా అందో మొదటిసారి చూసినప్పుడు అర్థం కాలేదు. రెండోసారి చూశాక అర్థమైంది.

కథ చిన్నది. మార్క్ బిట్నర్ అనే మనిషి వయసులో ఉండగా సంగీతం పాడి బతుకుదామని ఆ నగరానికి వచ్చాడు. సంగీతం అన్నం పెట్టలేదు. పదేళ్లకు పైగా ఇల్లు లేకుండా, దొరికిన చోట పడుకుంటూ, చిల్లర పనులు చేసుకుంటూ గడిపాడు. చివరికి ఆ గుట్ట మీద ఒక పాత కుటీరంలో అద్దె లేకుండా ఉండనిచ్చారు. ఆ గుట్ట నిండా తోటలు, కార్లు ఎక్కలేని మెట్లదారులు. అక్కడ అతనికి ఒక అడవి చిలకల గుంపు కంటబడింది. గింజలు పెట్టడం మొదలుపెట్టాడు. మొదట దూరంగా పెట్టి లోపలికి వెళ్లిపోయేవాడు. తరువాత దగ్గరగా, ఆ తరువాత చేతిలోంచి. కొన్ని ఏళ్లలో ఒక్కొక్క పిట్టనూ మొహం చూసి గుర్తుపట్టే స్థితికి వచ్చాడు. చిత్రం తీసేనాటికి ఆ గుంపులో నలభై అయిదు దాకా ఉన్నాయి. చివరికి కుటీరం మరమ్మతుకు వచ్చింది, అతను ఖాళీ చేయవలసి వచ్చింది. కథంటే ఇంతే.

ఇంత చిన్న కథ గంటన్నరసేపు కూర్చోబెట్టిందంటే కారణం ఆ పిట్టల పేర్లు. పేర్లు పెట్టడం పెద్ద గొప్ప కాదు. మనమూ కుక్కకు పెడతాం, ఆవుకు పెడతాం. అయితే ఇక్కడ ప్రతి పేరు వెనకా ఒక చరిత్ర ఉంది. పికాసో, సోఫీ ఆలుమగలు. ఒకరోజు పికాసో కనిపించకుండా పోతాడు. సోఫీ ఎలా ఉందో కెమెరా చూపిస్తుంది. మింగస్ అనే చిలకకు బయటి బతుకంటే గిట్టదు, ఇంట్లోనే ఉంటానంటుంది. మార్క్ గిటారు తీస్తే తల ఊపుతుంది. గుంపంతా ఎర్రతలల జాతి. అందులో కానర్ ఒక్కడిదే నీలం తల. వాడి జోడు చచ్చిపోయింది. ఆ ఊళ్లో వాడికి వేరే జోడు లేదు. ఎర్రతలలు వాడిని తరిమెయ్యవు, అలాగని దగ్గరికి రానివ్వవు. వాడు గుంపుతోనే ఎగురుతాడు, కొమ్మమీద మాత్రం కొంచెం ఎడంగా కూర్చుంటాడు. అయితే ఏదైనా బలహీనమైన పిట్టను మిగతావి పొడుస్తూ ఉంటే అడ్డం వెళ్లేది వాడే.

మా వృత్తిలో ఒక మాటుంది. ఖాతాదారులు ఎందరైనా ఉండవచ్చు, లెడ్జరులో ఒక్కొక్కరికి ఒక పుట ఉంటుంది. కంప్యూటర్లు రాకముందు ఆ పుట తిప్పితే మనిషి కనబడేవాడు. ఎప్పుడు వేశాడు, ఏ పండక్కి తీశాడు, ఏ నెలలో ఏమీ లేక ఊరుకున్నాడు అన్నీ అందులో ఉండేవి. ఇప్పుడు మాకు కనబడేది మొత్తం. ‘చిలకలు’ అని మనం అనేది కూడా మొత్తమే. పచ్చగా ఉంటాయి, అరుస్తాయి, జామకాయలు పాడుచేస్తాయి. మార్క్ పుట తెరిచాడు. పుట తెరిచినవాడికి ఆ తరువాత మొత్తం మాట్లాడడం కష్టం. ఈ చిత్రం చేసే మేలు ఇదేననుకుంటాను. ‘పక్షులను ప్రేమించండి’ అన్న ఉపదేశం ఎక్కడా లేదు. ‘వాడు కానర్’ అంటుంది, అంతే.

ఇక రెండో సంగతి. ఆ మెట్లమీద ఆగి చూసేవాళ్లు మార్క్‌ను ఒకే ప్రశ్న రకరకాలుగా అడుగుతుంటారు. ఇవి నీవేనా? నువ్వు పెంచినవా? పేర్లు పెట్టి తిండి పెడుతుంటే మరి అడవివి ఎలా అవుతాయి? అతను ఓపికగా చెబుతాడు, నావి కావు అని. మరి ఎవరివి?

ఆ ఎర్రతల చిలకల సొంత ఊరు దక్షిణ అమెరికా. ఈక్వడార్ నైరుతి భాగం, పెరూ వాయవ్య భాగం. అక్కడ అడవిలో పట్టి, పంజరాల్లో పెట్టి, పెంపుడు చిలకల అంగళ్లకు అమెరికా తెచ్చారు. అలా వేలూ లక్షలూ పిట్టలు ఎగుమతి అయ్యేవి. 1992లో అమెరికా చట్టం చేసి ఆ వ్యాపారానికి కళ్లెం వేసింది. మన దేశం 1991 నాటికే పక్షుల ఎగుమతి నిలిపివేసింది. ఈలోగా కొన్ని తప్పించుకున్నాయి, కొన్నిటిని అరుపులు భరించలేక కొన్నవాళ్లే వదిలేశారు. అవి జతకట్టి, చెట్ల తొర్రల్లో పిల్లలు చేశాయి. సినిమాలో మనం చూసేవాటిలో చాలా భాగం ఆ ఊళ్లోనే పుట్టినవి. వాటికి ఈక్వడార్ తెలియదు. అయినా వాటిని ‘బయటి పిట్టలు’ అంటారు. వాటివల్ల అక్కడి సొంత పక్షులకు చెరుపు జరుగుతుందేమోనని శాస్త్రజ్ఞులు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. చిత్రం దానికి చోటిచ్చింది గానీ తొందరగా దాటేసింది.

ఇక్కడ నాకు మన సంగతి గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? వేలూరులో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టినవాడిని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ఉంటారు, “మీ సొంత ఊరు ఏది?” అని. గుడియాత్తం అంటే నమ్మరు. “అది సరే, అసలు ఊరు?” అంటారు. చిత్తూరులో చుట్టాలింటికి పోతే వాళ్లూ అదే అడుగుతారు, మన యాస విని. ఉత్తరార్కాడు జిల్లాకు ఒకప్పుడు చిత్తూరే ముఖ్యపట్టణం. 1911లో చిత్తూరు జిల్లా వేరైంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1960లో తిరుత్తణి ఇటు వచ్చింది. గుడియాత్తం గుండా పారే కౌండిన్య నది ఇప్పటికీ చిత్తూరు వైపు కొండల్లోంచే వస్తుంది. ఊళ్లు కదలలేదు, గీత కదిలింది.

అందుకే ఈ పోలిక మీద ఎక్కువ బరువు వేయకూడదని కూడా నాకు తెలుసు. ఆ చిలకలను పంజరాల్లో పెట్టి తెచ్చారు. మనవాళ్లలో కొందరు నాయకరాజుల కాలంలో సేద్యానికీ, నేతకూ, కొలువుకూ తమంతట తాము వచ్చారు. కొందరు అంతకు ముందునుంచే ఉన్నారు. మనల్ని ఎవరూ బోనులో వేసి తేలేదు. అయినా పోలికలో నిలిచేది ఒకటుంది. ఒకచోట పుట్టి, అక్కడి నీళ్లు తాగి, అక్కడి చెట్టుమీద గూడు కట్టుకున్నదాన్ని ‘అసలు ఊరు ఏది’ అని ఎంతకాలం అడగాలి? మూడు తరాలా, పదిహేను తరాలా? శాన్‌ఫ్రాన్సిస్కో నగరం తనవరకూ జవాబు చెప్పుకుంది. సినిమా వచ్చిన ఇరవై ఏళ్లకు, 2023లో, ఈ అడవి చిలకలనే తమ నగరపు అధికారిక జంతువుగా ప్రకటించుకుంది. తమాషా ఏమిటంటే మన రామచిలక లండన్ పార్కుల్లో ఇదే ‘బయటి పిట్ట’. అక్కడ వేల సంఖ్యలో స్థిరపడింది. అక్కడివాళ్లు కొందరు ముద్దు చేస్తారు, కొందరు విసుక్కుంటారు. ఎవరు ఇంటివారు, ఎవరు పరాయివారు అనేది చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నదాన్ని బట్టి మారుతుంది.

మనకు దగ్గర్లోనే ఇలాంటి మనిషి ఒకాయన ఉన్నారు. మద్రాసు రాయపేటలో పాత కెమెరాలు బాగుచేసే జోసెఫ్ శేఖర్ ఏళ్ల తరబడి తన మిద్దెమీద బలపాల వరసల్లా పలకలు పరచి, వాటిమీద బియ్యం పెట్టి, వేల చిలకలకు తిండి పెట్టారు. 2004 సునామీ తరువాత రెండు చిలకలు రావడంతో మొదలైందని ఆయన పత్రికలకు చెప్పారు. సంపాదనలో పెద్ద భాగం బియ్యానికే పోయేది. ఆయన మీద వచ్చిన వార్తా చిత్రాలు నేను చూశాను. మిద్దెంతా పచ్చగా మారే ఆ దృశ్యం చూసి తీరవలసిందే. అయితే మార్క్‌కూ ఆయనకూ ఒక తేడా ఉంది. శేఖర్‌ది అన్నదానం. వచ్చినవాడి పేరు అడగకుండా విస్తరి వేయడం. అది మన సంప్రదాయం. కాకికి పిడచ పెట్టేటప్పుడు ఏ కాకి అని అడుగుతామా? మార్క్‌ది పరిచయం. ఒకటి గొప్పదీ ఒకటి తక్కువదీ అనను. వేలమందికి పెట్టేవాడు పేర్లు తెలుసుకోలేడు. పేర్లు తెలుసుకునేవాడు వేలమందికి పెట్టలేడు. బ్యాంకులో కూడా అంతే.

తిండి పెట్టడంలో ఉన్న చిక్కును చిత్రం పూర్తిగా తేల్చలేదు. తరువాత జరిగింది మనకు తెలుసు. మార్క్‌ను చూసి ఊరంతా పార్కుల్లో చిలకలకు తిండి పెట్టడం మొదలుపెట్టింది. చేతులకు అలవాటుపడ్డ పిట్టలను పట్టుకుపోయే ప్రమాదం వచ్చింది. 2007లో నగరం పార్కుల్లో వాటికి తిండి పెట్టడాన్ని నిషేధించినప్పుడు, ఆ నిషేధాన్ని సమర్థించినవాళ్లలో మార్క్ ఒకడు. ఈ ఒక్క సంగతితో ఆయన మీద నా గౌరవం రెండింతలైంది. తనకు పేరు తెచ్చిన పనినే ఇకమీద చేయవద్దని చెప్పడం సామాన్యం కాదు. ఆ గుంపులో కొన్ని పిట్టలు కాళ్లు పడిపోయి చచ్చిపోతుంటే కారణం ఎలుకలమందు అని 2019లో శాస్త్రజ్ఞులు తేల్చారు. నగరం ప్రేమించే పిట్టలను నగరమే తెలియక చంపుతోందన్నమాట.

ఇప్పుడు పంజరం గురించి చెప్పాలి. తెలుగువాళ్లకు పంజరంలో చిలక అంటే భద్రాచల రామదాసు గుర్తుకొస్తాడు. గోల్కొండ చెరసాలలో ఆయన పన్నెండేళ్లు ఎందుకున్నాడంటే, పూర్వజన్మలో ఒక చిలకను పన్నెండేళ్లు పంజరంలో పెట్టాడని పెద్దలు చెబుతారు. లెక్కకు లెక్క. వడ్డీ లేదు, మాఫీ లేదు. సాక్షాత్తూ రాముడి భక్తుడికే మినహాయింపు దొరకలేదు.

నాకు పదేళ్లప్పుడు మా ఇంట్లో ఒక పంజరం ఉండేది. మా అవ్వ పెంచిన చిలక. గుడియాత్తం సంతలో కొన్నది. ఈరోజు ఆ పిట్టను పట్టినా, అమ్మినా, పెంచినా 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. అప్పుడు మా వీధిలో ఎవరికీ ఆ ఎరుక లేదు. తలుపు చప్పుడైతే అది “ఎవరదీ” అనేది. వచ్చినవాళ్లు తమిళులైనా, తురకలైనా, మా నాయన పనిచేసే లుంగీల అంగడి షావుకారైనా, అందరినీ తెలుగులోనే పలకరించేది. వీధిలో అందరికీ ఆ ఒక్క తెలుగు ముక్క వచ్చేది, దానివల్ల. ఒకనాడు మధ్యాహ్నం పెద్దవాళ్లు నిద్రపోతుంటే నేను పంజరం తలుపు తీశాను. ఎగిరిపోతుందని అనుకున్నాను. రెక్కలు కత్తిరించి ఉన్నాయని నాకు తెలియదు. అది నడుచుకుంటూ వచ్చింది. అరుగు దాకా నడిచి, మెట్టు దిగడానికి తల వంచి చూసింది. పక్కింటి పిల్లి అక్కడే ఉంది.

ఎవరూ నన్ను కొట్టలేదు. అవ్వ రామదాసు కథ మాత్రం చెప్పింది. పంజరంలో పెట్టిన పాపం ఆమెదా, తలుపు తీసిన పాపం నాదా అని నేను అడిగాను. అవ్వ జవాబు చెప్పలేదు.

అందుకే మింగస్ వచ్చే దృశ్యాలు నేను మామూలుగా చూడలేకపోయాను. మింగస్ లోపలే ఉంటానంటాడు. కరిస్తే మార్క్ శిక్షగా బయట పెడతాడు. వాడికి స్వేచ్ఛే శిక్ష. ఇది చూసి నవ్వు వస్తుంది. నవ్వాక గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఒకసారి మనిషి చేతిలో పడి, ఎగరడం మరిచిపోయినదానికి తలుపు తీయడం ఒక్కటే ఉపకారం కాదు. ఏది ఉపకారమో ఎవరికి ఏది అని చూసి తేల్చుకోవలసిందే. మార్క్ చాలాసార్లు సరిగ్గా తేల్చుకున్నాడు, కొన్నిసార్లు తప్పాడు. టుపెలో అనే జబ్బు పిట్టను ఇంట్లో పెట్టుకుని సాకాడు. అది బతకలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు అతని గొంతు పూడుకుపోతుంది. ఆ తరువాత ఒక జెన్ గురువు చెప్పిన జలపాతం పోలిక తెస్తాడు. పైన నది ఒకటే, కింద నది ఒకటే, నడుమ పడేటప్పుడు మాత్రం చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, ఆ విడిపోయిన కాసేపే బతుకు అని. మనకు ఈ వేదాంతం కొత్త కాదు. అయినా చెప్పే మనిషి కళ్లు తుడుచుకుంటూ చెబుతున్నాడు గనుక అది పుస్తకంలోంచి తెచ్చిన మాటలా లేదు.

చిత్రంలో అన్నిటికంటె బరువైన భాగం ఇల్లు ఖాళీ చేయడం. ఇంటివాళ్లు చెడ్డవాళ్లు కారు. ఎన్నో ఏళ్లు డబ్బు అడగకుండా ఉండనిచ్చారు. కుటీరం పడిపోయేలా ఉంది, మరమ్మతు చేయాలి. మార్క్ ఎవరినీ నిందించడు. కానీ వెళ్లాలి. పిట్టలకు చెప్పే దారి లేదు. గింజల చెయ్యి ఒకరోజు ఉండదు, అంతే.

మా ఇంటి సంగతీ అదే. మా నాయన పోయాక అమ్మ పదకొండేళ్లు గుడియాత్తంలో ఒంటరిగా ఉంది. పొద్దున్నే మిద్దెమీద నూకలు, రాత్రి మిగిలిన అన్నం వేసేది. కాకులు, గోరింకలు, ఉడతలు, అప్పుడప్పుడు చిలకలు. అమ్మకు వాటిలో నాలుగైదు బాగా తెలుసు. ఒంటికాలి కాకిని “కుంటయ్య” అనేది. కుంటయ్య రాకపోతే మిద్దె దిగేది కాదు. వయసు మీదపడి, నడుము పట్టేసి, ఆమె వేలూరుకు మా ఇంటికి వచ్చాక అన్నదమ్ములం కలిసి ఇల్లు అమ్మేశాం. కొన్నాయన పడగొట్టి నాలుగంతస్తులు కడతానన్నాడు. పత్రాల మీద సంతకం పెట్టేటప్పుడు ఆ లెక్కంతా నేనే చూశాను. ఒక్క పైసా తేడా రాలేదు. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, “ఒరే, మిద్దెమీద గింజలు ఎవరేస్తార్రా?”

“కొన్నవాళ్లు వేస్తారులేమ్మా,” అన్నాను. అబద్ధం. ముప్పై ఏళ్లు తప్పుడు లెక్క రాయనివాణ్ణి.

మూడోసారి సినిమా చూసినప్పుడు అమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇంగ్లీషు రాదు. నేనేమీ చెప్పలేదు కూడా. ఆమె చివరిదాకా చూసింది. మధ్యలో ఒకసారి, “ఇంత మంచోడికి పెళ్లాం లేదా?” అంది. కానర్ డేగ పాలయ్యాడని తెలిసినప్పుడు, “అయ్యో, ఆ నీలం తలోడా?” అంది. ఎవడో నేను చెప్పకుండానే గుర్తుపట్టింది. మార్క్ ఇల్లు వదిలే ఘట్టం వచ్చినప్పుడు నేను అసలు సంగతి చెప్పేశాను, ఇల్లు పడగొట్టేశారమ్మా అని. ఆమె తెరమీదనుంచి చూపు తిప్పకుండానే అంది, “తెలుసులేరా. అవి ఎక్కడో ఒకచోట తింటాయి. నాకే పొద్దుపోవడం లేదు.”

చిత్రం మొత్తం చెప్పదలచుకున్నది మా అమ్మ రెండు వాక్యాల్లో చెప్పిందని ఆమె కొడుకుగా కాక విమర్శకుడిగానే అంటున్నాను. మార్క్ కూడా పదేపదే చెబుతాడు, నగరం చెట్లలో వాటికి కావలసినంత ఉంది, నేను లేకపోయినా అవి బతుకుతాయి అని. బతికాయి కూడా. ఆ గుంపు పెరిగి ఊరంతా పరచుకుంది. ఎవరి అవసరం ఎవరికి ఎక్కువ అన్నదే లెక్క. ఆ లెక్కలో బాకీ మనిషి వైపే తేలుతుంది.

ఇక లోపాలు. చిత్రం చివర్లో ఒక సంగతి బయటపెడుతుంది. ప్రియురాలు దొరికేదాకా జుట్టు కత్తిరించనని మొదట్లో మార్క్ అంటాడు. చివర్లో కత్తిరిస్తాడు. ప్రియురాలు ఎవరో కాదు, సినిమా తీస్తున్న జూడీ ఇర్వింగే. తరువాత వాళ్లు పెళ్లి చేసుకున్నారు. చాలామంది దీన్ని తీయని ముగింపు అన్నారు. నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది. సాక్ష్యం చెబుతున్న మనిషి తనకు కక్షిదారుతో చుట్టరికం ఉందని చివరి పుటలో చెప్పినట్టుంది. మా బ్యాంకులో అయితే అప్పు మంజూరుకు ముందే చెప్పాలి. మొదటే చెప్పి ఉంటే మనం ఆ చిత్రంలోని ప్రేమను ఇంకా జాగ్రత్తగా చూసేవాళ్లం. ఆమె ఎప్పటినుంచి చిలకలను కాక మనిషిని చూడడం మొదలుపెట్టిందో వెతుక్కునేవాళ్లం. మా అమ్మ మాత్రం ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేసింది. జుట్టు కత్తిరించిన దృశ్యానికి ఆమె సంతోషంగా నవ్వింది.

రెండో లోపం పెద్దది. పిట్టలు ఆ ఊరికి ఎలా వచ్చాయన్నదానిమీద రకరకాల కథలు సరదాగా చెప్పిస్తుంది గానీ, వాటిని పట్టి అమ్మిన వ్యాపారం ఎంత క్రూరమైనదో నిలిపి చూపించదు. ఈ విషయంలో మన దేశపు చిత్రం ఒకటి ముందుంది. షౌనక్ సేన్ 2022లో తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’. ఢిల్లీ వజీరాబాదులో నదీమ్, సవూద్ అనే అన్నదమ్ములు గాలిపటాల మాంజా తగిలి తెగిపడే గద్దలకు చిన్న నేలమాళిగలో వైద్యం చేస్తారు. సన్‌డాన్స్‌లోనూ కాన్‌లోనూ బహుమతులు తెచ్చుకుని, ఆస్కారు పోటీదాకా వెళ్లిన చిత్రం. అక్కడ పొగ, చెత్తకుప్ప, ఊళ్లో రేగిన మతాల గొడవ, అన్నదమ్ముల అలసట అన్నీ గద్దతో పాటు ఒకే గాలి పీలుస్తాయి. నగరం మీద నేరం మోపడంలో అది గట్టి చిత్రం. అయితే అందులో ఒక గద్దకూ మరో గద్దకూ తేడా నాకు తెలియలేదు. టెలిగ్రాఫ్ హిల్ చూశాక కానర్‌ను ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాను. రెండూ చూడాలి. ముందు చిలకలు, తరువాత గద్దలు.

మన వేలూరు వాళ్లకు ఒక చిన్న మనవి. కోట లోపల జలకంఠేశ్వరుడి గుడిలో కల్యాణ మండపం ఉంది. చిన్న బొమ్మినాయకుడి కాలపు పనితనం. అందరం స్తంభాల మీది గుర్రాలను చూసి వచ్చేస్తాం. ఈసారి తల ఎత్తి కప్పు నడుమకు చూడండి. విచ్చుకున్న పద్మం, దాని చుట్టూ తలకిందులుగా వేలాడే రాతి చిలకలు. పండు కోసం కొమ్మపట్టుకు వేలాడేటప్పుడు చిలక నిజంగా ఎలా ఉంటుందో అలాగే ఉన్నాయి. ఆ శిల్పి చిలకలను ఊరికే చూసినవాడు కాదు, చాలాసేపు చూసినవాడు. అతను ఏ భాష మాట్లాడేవాడో నాకు తెలియదు, అడగాలని కూడా అనిపించలేదు.

పోయిన ఆదివారం అమ్మను ఆటోలో కోటకు తీసుకెళ్లి అవి చూపించాను. నడుము నొప్పితో ఎక్కువసేపు తల ఎత్తలేకపోయింది. బయటికొచ్చాక అగడ్త గట్టుమీద కూర్చుని, కొంగుముడి విప్పి, ఇంటినుంచి తెచ్చిన నూకలు గుప్పెడు నేలమీద చల్లింది. నేను వద్దనలేదు. రెండు గోరింకలు వచ్చాయి. వాటికింకా పేర్లు లేవు.